భోజనాల బల్ల మీద స్టీరింగ్

మా ఇంట్లో భోజనాల బల్లకి ఒక స్టీరింగ్ బిగించి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లు ముందు దాన్ని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు, పిల్లల్లేని ఇంట్లో ఈ బొమ్మ ఎవరిదని అడగలేక మంచినీళ్లు తాగి లేస్తారు. అది మా ఆయనది. బల్ల మీద సగం జాగా స్టీరింగ్‌ది, మిగతా సగం టీవీది, కింద నేల మీద పెడళ్లు. నేను వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటాను. తను కంచం ఒళ్లో పెట్టుకుని స్టీరింగ్ ముందున్న కుర్చీలోనే తింటాడు. కొత్తలో దీని మీద గొడవపడేదాన్ని. గొడవకి కూడా ఇద్దరు మనుషులు కావాలని తర్వాత తెలిసొచ్చింది.

మేముండేది తార్నాకలో, యూనివర్సిటీ క్యాంపస్ గోడకి ఇవతలి సందులో, రెండో అంతస్తు. గోడకి అవతల నా ఉద్యోగం. బోటనీ వాళ్లు ఎప్పటెప్పటి మొక్కల్నో ఎండబెట్టి అట్టలకి అంటించి దాచిన గది ఒకటుంది. వాటికి పురుగు పట్టకుండా, తేమ తగలకుండా చూసుకోవడం నా పని. మాటలున్న రోజుల్లో మా ఆయన నన్ను చచ్చిన మొక్కల వార్డెన్ అని ఏడిపించేవాడు.

తను నగరం బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేవాడు. అందులోనూ బండి మలుపు తిరిగేటప్పుడు దాని చక్రాలకి ఏమవుతుందన్నదే తన ప్రాణం. పెళ్లయిన కొత్తలో సిటీ బస్సులో పక్కపక్కన కూర్చుంటే, మలుపు వచ్చినప్పుడల్లా నా చెవి దగ్గరికి వంగి డ్రైవరు చేసిన తప్పేమిటో చెప్పేవాడు. చూసేవాళ్లకి కొత్త జంట ముచ్చట్లాడుకుంటున్నట్టు ఉండేది. నేను కూడా అలాగే ఉండనిచ్చేదాన్ని.

ఇప్పటి పిల్లలకి చక్రాలతో పని లేదు. అందరికీ కంప్యూటర్ బ్రాంచే కావాలి. మెకానికల్‌లో చేరేవాళ్లు ఏటికేడు తగ్గిపోయి, చివరికి క్లాసులో బల్లలే మిగిలాయి. బ్రాంచి ఎత్తేశారు. ఇందులో తిట్టడానికి ఒక్క మనిషి దొరకడు, నాకు ఒళ్లు మండేది అందుకే. ల్యాబులో మీ సొంత సామాను ఉంటే తీసుకెళ్లండి అన్నారట. సొంత సామాను ఈ స్టీరింగే, టీవీకి తగిలిస్తే తెర మీద కారు రేసు ఆట నడిపేది. కారు ఎక్కి ఎరగని పిల్లలకి పాఠం చేతులకి తెలియాలని తనే కొని అక్కడ పెట్టాడు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, బల్లకి బిగించి, ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఇక్కడే ఉంటుందిలే అన్నాడు.

తర్వాత కొన్ని కాలేజీలకి వెళ్లొచ్చాడు. అన్నిచోట్లా కోడింగ్ చెప్పగలరా అని అడిగారు. మొదట్లో నేర్చుకుంటానని చెప్పి వచ్చేవాడు. తర్వాత వెళ్లడమే మానేశాడు. ఆ మానడం కూడా ఒక్కసారిగా జరగలేదు. పొద్దున్నే క్యాంపస్‌లో నడకకి వెళ్లేవాడు, మానేశాడు. సందు చివర పాలప్యాకెట్టు తేవడం మానేశాడు. ఊళ్లో వ్యవసాయం చేసుకునే వాళ్ల అన్న ఫోన్ చేస్తే, అది మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చునేవాడు. నేను ఏమడిగినా ఊఁ అనేవాడు, అదీ రెండోసారి అడిగితే. నాకు మొదట జాలేసింది, తర్వాత కోపం వచ్చింది, తర్వాత భయం పట్టుకుంది. డిపార్ట్‌మెంట్‌లో అట్టలు తిరగేస్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడేది. ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. ఎండలో పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి తలుపు తోస్తే కుర్చీలో ఉండేవాడు, తెర మీద కారు తిరుగుతూ ఉండేది. ఈ వేళప్పుడు ఎందుకొచ్చావని కూడా అడిగేవాడు కాదు.

ఒక సాయంత్రం నేను బియ్యం కడుగుతుంటే ముందు గదిలోంచి మాట వినిపించింది.

"ముందర తిరుగుతలేదు."

నాతో అన్నది కాదు, తనలో తను అనుకున్నది. కానీ పూర్తి మాట. అలాంటి మాట విని ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు. తడి చేతులతోనే వెళ్లి వెనక నిలబడ్డాను.

ఆ మాట నాకు కొత్త కాదు. మా పరిచయమే ఆ మాటతో మొదలయింది. తను క్యాంపస్‌లో ఎంటెక్ చదివే రోజుల్లో వీళ్ల జట్టు ఒక చిన్న రేసు కారు సొంతంగా తయారుచేసి, ఇంజనీరింగ్ కాలేజీ వెనక ఖాళీ జాగాలో తిప్పి చూసేవాళ్లు. నేను ఎమ్మెస్సీ. ఆ పక్కనే గడ్డిలో కూర్చుని ప్రాజెక్టు కోసం మొక్కలు ఏరుకుంటున్నాను. కారు మలుపు తిరగాల్సిన చోట తిరగకుండా తిన్నగా నా మీదికే వచ్చి, నా సంచీ ఎక్కి ఆగింది. పొద్దుటినుంచి ఏరిన మొక్కలన్నీ చక్రం కింద. నోటికొచ్చినట్టు తిట్టాను. అతను హెల్మెట్ తీసి, నన్ను కాదు, స్పానరు పట్టుకుని పరిగెత్తుకొస్తున్న స్నేహితుణ్ని చూసి, ముందర తిరుగుతలేదు అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "స్టీరింగ్ తిప్పిన, గని అది తిరగలె," అన్నాడు, అదే క్షమాపణ అన్నట్టు. మర్నాడు ఒక సంచీ నిండా ఏవేవో ఆకులు కోసుకొచ్చి ఇచ్చాడు. ఒక్కటీ పనికొచ్చేది కాదు. నేను అన్నీ దాచుకున్నాను.

ఆ జట్టుకి ఒక పద్ధతి ఉండేది, తను పెట్టిందే. నడిపేవాడు రోగం చెప్పాలి, మందు చెప్పకూడదు. జారింది ముందా వెనకా, మలుపులోకి పోయేటప్పుడా, మధ్యలోనా, బయటికొచ్చేటప్పుడా, అంతవరకే వాడి పని. ఏది బిగించాలో ఏది వదులు చేయాలో స్పానరు పట్టుకున్నవాడి ఇష్టం. వాడు మాత్రం నడిపేవాడికి ఎలా నడపాలో చెప్పకూడదు, ఎక్కడ అని మాత్రం అడగొచ్చు. ఒకసారికి ఒకటే మార్చాలి. ఈ పద్ధతి దాటినవాడు అందరికీ చాయ్ తాగించాలి. ఎర్రటి ఎండలో ఒక మర సగం తిప్పి, మళ్లీ నడిపి, మళ్లీ సగం తిప్పి, సరిపోయిందనిపించేదాకా ఎవ్వరినీ కదలనిచ్చేవాడు కాదు. నేను చెట్టు కింద కూర్చుని ఆ మొండితనం చూసి ముచ్చటపడ్డాను. ఇప్పుడు ఆ మొండితనం ఏమైపోయిందా అని వెతుక్కుంటున్నాను.

అందుకే ఆ సాయంత్రం తడి చేతులతో నిలబడి, "ఎక్కడ?" అన్నాను.

తను తల తిప్పి నన్ను చూశాడు, చాలాకాలానికి నేను కనిపించినట్టు. "మధ్యల," అన్నాడు. "మూల సగం అయినంక."

ఆ రోజు నుంచి స్పానరు నా చేతికొచ్చింది. ముందు చక్రాలు పట్టు వదిలితే ఎంత తిప్పినా బండి తిన్నగా గోడకే పోతుందని, దాన్ని అండర్‌స్టీర్ అంటారని చెప్పాడు. వెనక చక్రాలు వదిలితే కొంచెం తిప్పినా తోక తిరిగి, వచ్చిన దారి చూస్తూ ఆగుతామని, అది ఓవర్‌స్టీర్ అని చెప్పాడు. రెంటిలో ఏది నయమని అడిగాను. ముందు జారితే గోడ వస్తున్నది కనబడుతుంది, వెనక జారితే అదీ కనబడదు, అంతే తేడా అన్నాడు. అన్నం చల్లారిపోయేదాకా చెప్పాడు. నేను చల్లారనిచ్చాను.

ఆటలో నిజం స్పానర్లుండవు. టైర్లలో గాలి, స్ప్రింగుల గట్టితనం, మలుపులో బండి ఒక పక్కకి ఒరగకుండా పట్టి ఉంచే అడ్డకడ్డీ, ముందొకటి వెనకొకటి, కారుని నేలకి నొక్కే రెక్కలు, ఒక్కోదానికి తెర మీద ఒక్కో గీత ఉంటుంది. గీత మీద చుక్కని అటో ఇటో జరపాలి. మొదట్లో నేను అన్నీ తలకిందులు చేశాను. ముందు పట్టు చాలడం లేదంటే, పట్టు కదా, బిగిస్తే వస్తుందనుకుని ముందు కడ్డీని గట్టి చేశాను. కారు ఇంకా మొండికేసింది. తను ఏమీ అనలేదు, మందు చెప్పకూడదు కదా. నడిపి చూసి, ఇంకింత తిరుగుతలేదు అని మాత్రం అన్నాడు. నేను మళ్లీ బిగించాను. కారు ఒక్క మలుపైనా తిరగకుండా మైదానాలన్నీ దున్నుకుంటూ పోయింది. వదులు చేస్తేనే పట్టు పెరుగుతుందని నాకు తట్టేసరికి ఇద్దరికీ నవ్వాగలేదు. తన నవ్వు చూసి వంటింట్లోకి పోయి కొళాయి విప్పి ఏడ్చాను.

అలా సాయంత్రాలు గడిచాయి. నేను రాగానే చాయ్, తర్వాత కారు. లోపలికి పోయేటప్పుడు మంచిగున్నది, బయటికొస్తుంటే ఎన్క తోక ఊపుతున్నది అనేవాడు. నేను వెనక కడ్డీని కొంచెం మెత్త చేసేదాన్ని. మళ్లీ నడిపేవాడు. మా మధ్య మాటలన్నీ అవే. ఇది కాపురమా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు. కానీ పగలంతా డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని నిన్నటి మూల గురించి ఆలోచించేదాన్ని. ఇంటికి నడిచి వస్తుంటే కాళ్లు తొందరపడేవి.

ఒక ఆదివారం బలవంతం చేసి క్యాంపస్‌లోకి తీసుకెళ్లాను. రేల పూలు రాలి రోడ్డంతా పచ్చగా ఉంది. వాళ్లు కారు తిప్పిన జాగాలో ఇప్పుడు కంచె వేసి, ఏదో కట్టడానికి స్తంభాలు లేపారు. తను కంచె పట్టుకుని చూసి, "గాడ్నే కదా నీ సంచి తొక్కింది," అన్నాడు. గడ్డి పెరిగిన చోటు చూపించాడు. నేను అవునన్నాను. కాసేపు అక్కడే ఉందామన్నాను కానీ తను అప్పటికే వెనక్కి తిరిగాడు. దారిలో నడకకి వచ్చిన ఒకాయన, పాత పరిచయం, ఇప్పుడెక్కడ చేస్తున్నారు అని అడిగాడు. అంతే, ఇంటిదాకా మాట లేదు. మళ్లీ క్యాంపస్‌లోకి రమ్మంటే రాలేదు.

మా అమ్మ మెట్టుగూడలో ఉంటుంది, మెట్రోలో ఒక్క స్టేషను. నాన్న రైల్వేలో పనిచేస్తూ కోస్తా నుంచి వచ్చి, క్వార్టర్సు వదిలాక కూడా ఆ చుట్టుపక్కలే ఉండిపోయారు. అమ్మ ఒకసారి వచ్చినప్పుడు నేను నేల మీద కూర్చుని కారు టైర్లలో గాలి తగ్గిస్తున్నాను. నన్ను వంటింట్లోకి పిలిచి, అతనికైతే మనసు బాగాలేదు, నీకేం వచ్చిందే అంది. ఊరికే ఆటలాడిస్తూ కూర్చోకుండా డాక్టరుకి చూపించమంది. అమ్మ అన్నది తప్పు కాదు. నా మనసులోనూ ఆ మాటే ఉంది, నోరు రాక ఊరుకున్నానంతే.

అమ్మ వెళ్లగానే తనతో అనేశాను. డాక్టరు దగ్గరికి వెళదాం, నేనూ వస్తాను, పొద్దున్నే కాస్త నడువు, ఆ కోడింగ్ ఏదో నేర్చుకో, మీ అన్నకి ఫోన్ చెయ్యి, ఇలా ఎన్నాళ్లు. ఒకసారికి ఒకటే మార్చాలన్నది ఎక్కడికి పోయిందో, ఉన్నవన్నీ కుండతో పోసినట్టు నెత్తిన పోశాను. తను చివరిదాకా విన్నాడు.

"బంద్ చేసింది మా బ్రాంచిని, నా తలకాయను గాదు," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మళ్లీ తనే, "చాయ్ నువ్వే తాపియ్యాలె," అన్నాడు.

పద్ధతి దాటినందుకు జరిమానా. నాకు నవ్వు రాలేదు. చాయ్ పెట్టి తెచ్చాను, ఇద్దరం తాగాం. డాక్టరు మాట తర్వాత కూడా ఎన్నోసార్లు ఎత్తాను. ఎత్తినప్పుడల్లా గ్లాసు కడిగి బోర్లించి, పోదాం తియ్యి అన్నాడు. పోలేదు.

కొన్నాళ్లకి ఒక పొద్దున షర్టు ఇస్త్రీ చేసుకుంటూ కనిపించాడు. మౌలాలి దాటాక ఒక కాలేజీ వాళ్లు పిలిచారట. ఎక్కువ అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని ఊఁ అని ఊరుకున్నాను, ఆ రోజుకి ఊఁ అనడం నా వంతు. డిపార్ట్‌మెంట్‌లో ఒక్క పనీ చేయలేకపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఆ ఇస్త్రీ షర్టుతోనే కుర్చీలో ఉన్నాడు. టీవీ ఆపి ఉంది. చెప్పులు కూడా విప్పలేదు.

నేను సలహా ఇవ్వలేదు, ధైర్యం చెప్పలేదు. "ఎక్కడ?" అన్నాను.

"గేటు కాడ," అన్నాడు. "బస్సు దిగిన, గేటు దాక పోయిన. లోపటికి పోదామంటే కాళ్లు రాలె."

అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పాడు, జట్టులో నడిపేవాడు చెప్పాల్సినట్టే చెప్పాడు. జరపడానికి నా దగ్గర ఏ చుక్కా లేదు. వంగి తన చెప్పులు విప్పి పక్కన పెట్టాను. నాకు ఈ మనిషి కావాలి, ఎలా తెచ్చుకోవాలో తెలియడం లేదు. పెళ్లయ్యాక అంత దిక్కులేనిదానిలా ఎప్పుడూ అనిపించలేదు.

కారు మాత్రం బాగుపడుతూ వచ్చింది. ఒక సాయంత్రం తను ఒక చుట్టు తిరిగాడు, ఆగకుండా ఇంకోటి, ఇంకోటి. ముందు చక్రాలు ఎక్కడికి చూపిస్తే అక్కడికి పోయాయి, వెనకవి బుద్ధిగా వాటి వెంట వచ్చాయి. గోడలని రాసుకుంటున్నట్టే పోతున్నాడు, ఒక్కటీ తగలడం లేదు. నేను చుక్కలు జరపడానికి సిద్ధంగా కూర్చుని, చివరికి ఎక్కడ అని అడిగాను.

"ఏడ లేదు," అన్నాడు. "ఇగ కారుల తప్పు లేదు."

అది పొగడ్తనుకున్నాను, పిచ్చిదాన్ని. పొంగిపోయి ఆ పూట సేమ్యా పాయసం కూడా చేశాను.

మర్నాటి నుంచి మాటలు ఆగిపోయాయి. నడిపేవాడు, బాగా నడిపేవాడు, టీవీ కట్టేసేవాడు. నేను ఎక్కడ అంటే తల అడ్డంగా ఊపేవాడు. కారులో తప్పు లేనప్పుడు నాకు చెప్పడానికి తన దగ్గర ఏముంది? పైగా తప్పు కారుది కాకపోతే మిగిలింది ఎవరో, ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తెలియకుండా ఉంటుందా? ఇన్నాళ్లూ నేను బాగుచేస్తున్నాననుకున్నది మా మధ్య ఉన్న ఒక్క మాటనీ తీసేయడమేనని అప్పుడు అర్థమయింది. మళ్లీ ఊఁ దగ్గరికి వచ్చాం. మళ్లీ డిపార్ట్‌మెంట్‌లో గుండె దడ.

ఒకరోజు తను స్నానానికి వెళ్లినప్పుడు ఆ కుర్చీలో కూర్చుని కారుని పాడుచేశాను. ముందు కడ్డీ చుక్కని చివరిదాకా జరిపి రాయిలా గట్టి చేశాను. ముందు టైర్లలో గాలి కుక్కాను. ముందు రెక్కని లేనట్టే చేశాను. వెనక అంతా మెత్తగా వదిలేశాను. కొత్తలో తెలియక చేసిన తప్పులన్నీ ఇప్పుడు తెలిసి చేశాను. తను చిరాకుపడాలి, నా కారు ఎవరు ముట్టుకున్నరని అరవాలి, నన్ను తిట్టినా సరే. ముందర తిరుగుతలేదు అన్న ఆ ఒక్క మాట నాకు కావాలి. వంటింట్లోకి వచ్చి దొంగలా బెండకాయలు తరుగుతూ నిలబడ్డాను.

తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. మొదటి మలుపులో స్టీరింగ్ తిప్పాడు, కారు తిరగలేదు, తిన్నగా పోయి గోడకి కొట్టుకుంది. వెనక్కి తీసి రోడ్డెక్కాడు. రెండో మలుపు, మళ్లీ గోడ. నేను కత్తి ఆపేశాను. మూడో మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే బ్రేకు వేశాడు. మెల్లగా, ఇరుకు సందులో స్కూటరు తిప్పుకున్నట్టు తిప్పి బయటికొచ్చాడు. నాలుగోది కూడా అలాగే. ఆ చుట్టంతా అలాగే పోయాడు. తర్వాతి చుట్టూ అంతే.

ఉండబట్టలేక వెళ్లి వెనక నిలబడ్డాను. "ఎలా ఉంది?" అన్నాను.

"మంచిగనే ఉన్నది."

పక్కింటివాళ్లు అడిగితే చెప్పే మాట. నాకు కోపం తన్నుకొచ్చింది. "ఏం బాగుంది? ముందు తిరగట్లేదు, కనబడట్లేదా నీకు? నేనే పాడుచేశాను," అన్నాను.

"ఎరుకే," అన్నాడు, తెర మీదనుంచి చూపు తీయకుండా.

"మరి చెప్పవేం?"

మలుపు వస్తోంది. ఎప్పుడో ముందే బ్రేకు వేసి, నింపాదిగా అది దాటించి, అప్పుడన్నాడు. "అలవాటైతది."

నేను చుక్కలన్నీ వెనక్కి జరపబోతే, ఉండనీ అన్నాడు. అలాగే ఉంది ఇప్పటికీ. సాయంత్రం నేను గోడ అవతలినుంచి వచ్చేసరికి ఆ కారునే నడుపుతూ ఉంటాడు. ప్రతి మూలకీ చాలా ముందుగా బ్రేకు మీద కాలు వేస్తాడు, అందువల్ల గోడకి ఒక్కసారీ తగలడు. వెనక వేరే కారు ఏదైనా వస్తే పక్కకి జరిగి దారిస్తాడు. నేను చాయ్ పెట్టి తన పక్కన ఉంచి, వంటింటి గట్టు దగ్గరికి వస్తాను. ఎక్కడ అని అడగడం నేను కూడా మానేశాను.